జగదాంబ గారు కులాసా

"కులాసాయేనా మరి మా ఆవిడ?"

"కులాసాయేనండి."

"వేళకి తింటోందా?"

"తింటున్నారండి."

"ఆ గులాబీ రంగు నీళ్ళేనా ఇంకా?"

"అవేనండి. ఉప్పు, పంచదార, విటమిన్లు."

"నీచు ఏమీ కలవదు గదా? ఆవిడ కోడిగుడ్డు పేరెత్తితేనే లేచి అవతలికి పోయేది."

"...కలవదండి. మీరు కూర్చోండి బాబాయి గారూ. నన్ను కూర్చోబెట్టి మీరు నిలబడే ఉన్నారు."

పాలకొల్లు మార్కెట్టులో కుక్కుటేశ్వరరావు గారి కొబ్బరికాయల కొట్టు అది. ఆయన భార్య జగదాంబ మెదడులో కంతి పుట్టి, మద్రాసులో ఆపరేషను అయ్యాక పోయింది. పోయి రెండేళ్ళు దాటింది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది వీరవేణి, మొగల్తూరు రైతుబిడ్డ, మద్రాసులో ఒక పరిశోధనశాలలో పని. జగదాంబ తలలోంచి తీసిన కంతిలో చిటికెడు ముక్క తీసుకుని, సీసాలో బతికించి పెంచింది ఈ పిల్లే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ కుక్కుటేశ్వరరావు గారికి భార్య పూర్తిగా పోలేదు. అయితే ఆ సీసా ఖాళీ అయి చాలాకాలమైంది. నిరుడు వానాకాలంలోనే ఆ ముక్క పోయింది. అది పోయాక కూడా వీరవేణి రెండుసార్లు ఈ కొట్టుకొచ్చి, ఈ స్టూలు మీదే కూర్చుని, కులాసా అని చెప్పి వెళ్ళింది మహాతల్లి. ఇవాళ ఎలాగైనా నిజం చెప్పెయ్యాలని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చింది. వచ్చీ రాగానే ఏం చెప్పిందో విన్నారు గదా.

"నాకేం, రోజంతా కూర్చునే పని. ఇంతకీ ఇంటికి వెళ్తున్నారా, ఇంటి నుంచి వస్తున్నారా?"

"వెళ్తున్నానండి. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలు దిగాను. సంచి కూడా ఇదిగో."

"అయ్యో, కాఫీ కూడా తాగి ఉండరు. ఒరే వెంకన్నా, ఆ కురిడీలు తర్వాత ఏరుదువు గానీ, ముందు ఓ బొండం పట్రా అమ్మాయిగారికి."

"ఆయ్. మన దగ్గర బొండాలెక్కడివండి, అన్నీ ఎండుకాయలే."

"మన దగ్గర లేకపోతే ఊళ్ళో లేవేంట్రా. సెంటర్లో బండి ఉంటుంది, పో. లేతది చూసి తే."

"నాకేమీ వద్దండి. నేనొకటి చెప్పి వెళ్దామని..."

"చెప్పండి. మా ఆవిడ సంగతేనా?"

"ఆవిడ... ముందు నా సంగతి చెప్తానండి. నాకు బెంగుళూరులో సీటొచ్చింది."

"సీటంటే?"

"పిహెచ్.డి. అండి. మెదడులో కంతులు ఎందుకొస్తాయి, ఎలా పెరుగుతాయి, అదే పని. మద్రాసులో నాది ఉత్త ప్రాజెక్టు ఉద్యోగం. ప్రాజెక్టు అయిపోతే ఇంటికి పొమ్మంటారు, పేరు పక్కన ఏమీ చేరదు. ఇది అలా కాదు. ఢిల్లీ నుంచి ఫెలోషిప్పు ఇస్తారు. నెలనెలా వస్తుంది, హాస్టలు కూడా వాళ్ళదే. చదువు అయ్యేదాకా ఎవర్నీ దేనికీ అడగక్కర్లేదు."

"అంటే జీతమిచ్చి చదివిస్తారా?"

"అలాంటిదేనండి."

"చదువుకి మనం కట్టడమే చూశాం గానీ, వాళ్ళు మనకి కట్టడమేంటండీ. బావుందే ఇదేదో. చాలామందికి ఇస్తారేంటి?"

"ఈ ఏడు ఆ లాబ్‌లో ఒక్కరికేనండి."

"ఆ ఒక్కరూ మన మొగల్తూరు పిల్లన్నమాట. మీ నాన్నగారు ఎగిరి గంతేసి ఉండాలే."

"ఆయనకింకా తెలీదండి. ముందు ఇక్కడికే వచ్చాను."

"ఇంట్లో కంటే ముందు నాకు చెప్పారా?"

"చెప్తే సంతోషించేది మీరొక్కరేనండి. నాన్న 'ఆ పురుగుల చదువు ఇంకా అవలేదా' అంటారు. అమ్మ తణుకు సంబంధం గురించి మొదలెడుతుంది. పొలం సంగతులన్నీ నాకు చెప్తారు, గేదె ఈనిందని చెప్తారు, చిన్నాన్న గారితో గట్టు తగువు చెప్తారు. ఆ సీసాలో ఏముందే అమ్మాయీ అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

"నేనడుగుతాను గదా."

"మీరు అడుగుతారండి."

"అవునూ, అంత పెద్దది ఎలా కొట్టారండీ? బాగా చదివేసి ఉంటారు."

"చదివినవాళ్ళు చాలామందే వచ్చారండి. నాకు మీ వల్ల వచ్చింది."

"నా వల్లా? నాకు కొబ్బరికాయ తప్ప ఏం తెలుసండీ. తమాషాకి అంటున్నారు."

"తమాషా కాదండి. మొదటిసారి నేనొచ్చి, సీసాలో పెరుగుతున్నాయని చెప్పినప్పుడు మీరో మాట అన్నారు. ఏకాదశి నాడు మాత్రం ఏమీ పెట్టొద్దని."

"అన్నాను. పెళ్ళయి వచ్చిన కాణ్ణుంచీ ఏకాదశికి పచ్చిమంచినీళ్ళు తప్ప ముట్టలేదు ఆవిడ. ఆస్పత్రి మంచం మీద, నోట మాట పడిపోయాక కూడా, నర్సు జావ తెస్తే మూతి బిగించేసింది. నేను వేళ్ళ మీద లెక్కేసి చూద్దును గదా, ఏకాదశి. మాట పోయింది గానీ అది పోలేదండి. అలాంటి మనిషికి సీసాలో పెట్టి మనం తినిపించేస్తే ఆవిడ వ్రతం ఏం కాను?"

"మీరు అలా అనేసరికి నాకు కాదనబుద్ధి కాలేదు. హాస్టల్లో ఓ తెలుగు క్యాలెండరు తగిలించుకున్నాను. ఏకాదశి వస్తే బలమైన తిండి మానేసి, ఉత్త ఉప్పునీళ్ళు మార్చేదాన్ని. మర్నాడు మళ్ళీ మామూలే."

"ద్వాదశి పారణ కూడా చేయించారన్నమాట. ఎంత పుణ్యమండీ మీకు."

"పుణ్యానికి చెయ్యలేదండి, మీకు మాటిచ్చానని చేశాను. కానీ నా లెక్కల్లో ప్రతి పక్షానికీ ఓసారి కణాలు పెరిగే గీత కిందికి దిగేది, మళ్ళీ లేచేది. ఇంటర్వ్యూలో అదే పట్టుకున్నారు. ఏమ్మా, ఈ పస్తులేంటి, ఎవరి ఆలోచన ఇది అని."

"ఏం చెప్పారు?"

"పేషెంటు గారి భర్త చెప్పారన్నాను. ఏకాదశి అన్నాను."

"నవ్వుంటారు."

"అందరూ నవ్వారు. ఒక్క పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయనే అడుగుతూ కూర్చున్నారు. మామూలు కణాలకి తిండి లేకపోతే ఆగి కూర్చుంటాయండి. కంతి కణాలకి ఆగడం తెలీదు. ఆకలితోనే పెరగబోయి చచ్చిపోతాయి. జగదాంబ గారి సీసాలో మాత్రం కొన్ని ఆగి కూర్చునేవి. మర్నాడు తిండి పడగానే లేచేవి. డాక్టర్లు కంతి కోసేసి, మందిచ్చి, కరెంటు పెట్టినా మళ్ళీ ఎందుకు మొలుస్తోంది? ఇలా ఓర్చుకుని దాక్కునేవి ఉండబట్టేనేమో. అదీ ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకోమనే నాకు సీటిచ్చారు."

"ఓర్పు ఆవిడదేనండి. నాతో ఇరవై ఏళ్ళు వేగింది, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి. అయితే మన వాళ్ళ ఉపవాసం బెంగుళూరు దాకా వెళ్ళిందన్నమాట."

"వెళ్ళిందండి."

"మరి ఆవిణ్ణి కూడా తీసికెళ్తారా బెంగుళూరు?"

వీరవేణి గోడకి ఆనించిన పీచు బస్తాల వైపు చూసింది. ఇంతకంటే తిన్నగా ఎవరూ అడగలేరు. లేరండీ అని ఒక్క ముక్క అంటే సరిపోతుంది. నోరు తెరిచింది కూడా.

"ఏంటండీ, మాట్లాడరేం?"

"బొండం తాగుతున్నానండి."

"వెంకన్న ఇంకా రానేలేదండి."

"...అదే, దాహంగా ఉందని."

"వస్తాడు లెండి. తీసికెళ్ళేటప్పుడు ఎలాగండి మరి? రైలు కుదుపులకి ఏమన్నా అవుతుందేమో."

"ఏం కాదండి. సీసా నిండా నీళ్ళు పోసి మూత బిగించేస్తారు."

"చల్లారిపోదూ?"

"జేబులో పెట్టుకుంటామండి. ఒంటి వేడి తగులుతూ ఉంటే చాలు."

"ఒళ్ళో పెట్టుకుంటే ఇంకా మంచిది గదండీ. కిటికీ పక్కన మాత్రం కూర్చోకండి, గాలి కొట్టేస్తుంది. ఆవిడకి చలిగాలి పడదు. ఆ ఊళ్ళో ఎండాకాలం కూడా చలేనటగా?"

"రాత్రిళ్ళు ఉంటుందటండి. బాబాయి గారూ, ఒక మాట అడగనా? తద్దినం సంగతి ఏం చేశారు?"

"ఎవరిది?"

"ఆవిడదేనండి. నిరుడు పెట్టలేదన్నారు."

"జీవం ఉండగా పిండం ఎలా పెడతారండీ? పన్నెండు రోజులూ అయిపోయాక తెలిసింది గనక అప్పుడు చేసిందేదో చేశాం. తెలిశాక కూడా పెడితే పాపం కాదూ. శాస్త్రులు గారినే అడిగాను. ఆయన రెండు చేతులతోనూ తల పట్టుకున్నారు. 'ఒళ్ళు కాల్చేశాం, కంతి బతికుందంటావు, దీనికి ఏ గ్రంథంలో వెతకనయ్యా, నన్నొదిలెయ్' అన్నారు. ఇప్పుడు నేను వీధిలో కనపడితే పక్క సందులోకి తిరిగేస్తున్నారు పాపం."

"నిరుడు సరేనండి. ఈ మాఘంలో..."

"మా అక్క వచ్చిందండి మొన్న. నరసాపురం నుంచి."

"సుబ్బాయమ్మ గారా?"

"ఆవిడే. ఊరికే వచ్చిందా, సంబంధం పట్టుకొచ్చింది. భీమవరంలో ఎవరో ఆవిడట, మొగుడు పోయాడు, పిల్లల్లేరు, వంట బాగా చేస్తుందట. నేనన్నానూ, అక్కా, మా ఆవిడ మద్రాసులో ఉంది, ఆవిడుండగా ఇంకో పెళ్ళంటే కేసవుతుందే అని. లెంపలేసుకుని, నీకు మతి పోయిందిరా తమ్ముడూ అని ఏడ్చుకుంటూ బస్సెక్కింది."

"చేసుకోండి బాబాయి గారూ."

"మీరు కూడానా?"

"సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికెళ్ళి ఏం చేస్తారు?"

"రేడియో పెడతాను. అన్నం వండుతాను. కూర కూడా వచ్చేసిందండి నాకు, వంకాయ ఒక్కటే మాడుతుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది. తినడమే. అక్కడేనండి చిక్కు. కంచం ముందు కూర్చుంటాను. కూరలో ఉప్పు ఎక్కువైందనుకోండి, ఎవరితో అనాలి? ఆవిడుండగా రోజూ అనేవాణ్ణి, తక్కువైందనో ఎక్కువైందనో. సరిపోయినా ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆవిడ తిరిగి ఓ మాట అనేది. ఇప్పుడు ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఒకటే. ఒంటరితనం అంటే అంతేనండి, ఇంకేం లేదు. పొద్దుట కొట్టు తీసేదాకా నా గొంతు నేను వినను."

"నాకూ అంతేనండి."

"మీకేంటండీ, పట్నం, స్నేహితులు..."

"స్నేహితులెవరండీ. హాస్టల్లో అందరూ అరవవాళ్ళే. మంచివాళ్ళే, కానీ వాళ్ళ నవ్వు అర్థమయ్యేసరికి వాళ్ళు నవ్వడం అయిపోతుంది. పండక్కి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతే నేనూ, వాచ్‌మనూ మిగులుతాం. తెలుగులో నోరు తెరిచేది ఒక్క జగదాంబ గారి దగ్గరే."

"నేను చెప్పమన్నవి చెప్పేవారా?"

"అన్నీ చెప్పేదాన్నండి. సీసాలుండే పెట్టె తలుపు తీసి, జగదాంబ గారూ, పాలకొల్లులో కాయ ధర లేచిందటండీ, మీ ఆయన కాస్త ఒళ్ళు చేశారండీ అని. పక్క బల్ల అమ్మాయి నాకు పిచ్చెక్కిందనుకునేది."

"ధర లేచిందంటే సంతోషించి ఉంటుంది."

"కణాలకి వినపడదండి."

"వినపడదనుకోండి. అయినా చెప్పారు గదా."

"ఇదిగోనండి బొండం. లేతదే. బండివాడు ఊరికే ముదురు అంటగట్టబోతే నేనొప్పుకోలేదు. ఆయ్."

"మంచి పని చేశావు. ఇంకో పని ఉందిరా వెంకన్నా. ఎదురు కొట్లో నా పేరు చెప్పి ఓ ఉన్ని శాలువా పట్రా."

"శాలువా ఏంటండీ, ఈ రోహిణికార్తెలో? రోళ్ళు పగులుతుంటేను."

"నీకెందుకురా. మంచిది ఇమ్మను. మెత్తటిది. అమ్మగారికని చెప్పు."

"...ఆయ్."

"శాలువా ఎందుకండీ బాబాయి గారూ?"

"ఆ సీసాలుండే పెట్టె మీద కప్పండి. పెట్టె లోపల వెచ్చగానే ఉంటుందని మీరు చెప్పారు, నాకు జ్ఞాపకమే. అయినా కొత్త ఊరు, చలి ఊరు. ఓ బట్ట మీద ఉంటే తప్పేముంది."

"వద్దండి."

"మీకు బరువేం కాదు. సంచిలో పడేసుకోండి."

"వద్దండీ. వెంకన్న గారూ, ఆగండి, వెళ్ళకండి. శాలువా వద్దు."

"మీకు కాదండీ, ఆవిడకి."

"ఆవిడ లేరండి."

వెంకన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సీసాలో ఏమీ లేదు బాబాయి గారూ. నిరుడు వానాకాలంలో బూజు పట్టింది. ఒక్క సీసాలో మొదలైంది, రెండ్రోజుల్లో అన్నిటికీ పాకింది. ఆ వారం లాబ్‌లో అందరివీ పోయాయి. ఎవరి తప్పూ కాదండి, ఊరగాయ జాడీకి పడుతుంది చూడండి, అలాగే. కడిగాను, మందు వేశాను, తిండి మార్చాను. అన్నీ చేశాను. నిలబడలేదండి."

"వెంకన్నా, నువ్వెళ్ళు. శాలువా తే."

"ఆయ్."

"అయ్యగారూ, నేను..."

"అయ్యగారెందుకండీ, బాబాయనే అనండి. తర్వాత ఏం చేశారు?"

"మా లాబ్ సార్ పారబొయ్యమన్నారు. నేనే తీశానండి, ఇంకొకళ్ళ చేతికివ్వలేదు. రూలు ప్రకారం బాగా ఉడికించి తొట్టిలో పొయ్యాలి. ఉడికించాను గానీ తొట్టిలో పొయ్యబుద్ధి కాలేదు. సాయంత్రం బీచికి తీసికెళ్ళి సముద్రంలో కలిపాను. మా ఊరి సముద్రమే గదా అది అనిపించింది."

"ఏమన్నా చదివారా?"

"నాకేం వచ్చండీ చదవడానికి. వెళ్ళిరండి జగదాంబ గారూ అన్నాను."

"చాలు. ఆ మాట చాలు."

"ఇంకోటి కూడా ఉందండి. ఆ గులాబీ నీళ్ళలో నీచు కలవదని చెప్పాను. కలుస్తుందండి. దూడ రక్తంలోంచి తీసిన తేట కలపకపోతే ఏ కణమూ బతకదు. మీరు బాధపడతారని దాచాను."

"దూడ రక్తమా?"

"అవునండి."

"...ఏకాదశి నాడు మానేసిన బలమైన తిండి అదేనా?"

"అదేనండి."

"పోనీలెండి. పక్షానికోసారైనా మడిగా ఉంది."

"నవ్వకండి బాబాయి గారూ, నాకు ఏడుపొస్తోంది. అసలు సీసాలో ఉన్నది ఆవిడ కాదండీ. ఆవిణ్ణి తీసుకుపోయిన రోగం. ఆ రోగాన్నే నేను పెంచాను, మీరు దాన్నే కులాసాగా ఉందా అని అడిగారు. మొదటి రోజే ఈ మాట చెప్పి ఉండాల్సింది. మీ ముఖం చూసి చెప్పలేకపోయాను."

"రోగమని తెలియకపోవడమేంటండీ. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు గారే చెప్పారు. కానీ మాకు పిల్లా పాపా లేరు. మొక్కని దేవుడు లేడు. ఇన్నేళ్ళకీ ఆవిడ ఒంట్లో పుట్టింది అదొక్కటే."

బజార్లో ఎవరో పసుపు ధర గురించి దెబ్బలాడుకుంటున్నారు.

"తాగండి. బొండం వేడెక్కిపోతుంది."

"తాగుతానండి. మీరు మాత్రం ఇంక ఆలోచించకండి. వెళ్ళి తద్దినం పెట్టండి. తిథి దాటిపోయినా ఏదో దారి ఉంటుంది, శాస్త్రులు గారిని అడగండి. అడ్డం నేనేనండి ఇన్నాళ్ళూ. నేను పెట్టిన ఆశ పట్టుకుని ఆవిడకి నీళ్ళు కూడా వదలకుండా కూర్చున్నారు. అదే నన్ను తినేస్తోంది."

"పెట్టేశానండి."

"ఏంటండీ?"

"తద్దినం. మొన్న మాఘంలో, తిథి నాడే. కొవ్వూరు వెళ్ళి గోష్పాదం రేవులో పెట్టాను. ఇక్కడైతే మా శాస్త్రులు గారు మళ్ళీ తల పట్టుకుంటారని అంత దూరం వెళ్ళాను. బాగా జరిగింది. కాకి కూడా వెంటనే ముట్టింది."

"మాఘంలోనా?"

"ఆఁ."

"ఆ ముందు నెలేగా నేనొచ్చింది. కులాసా అని చెప్పాను గదండీ."

"చెప్పారు."

"మరెలా పెట్టారు? జీవం ఉండగా పెట్టకూడదని మీరే..."

"కార్తీకంలో మద్రాసు కొత్వాల్ చావిడి మార్కెట్టుకి కాయ లోడు తోలాను. లారీతో నేనూ వచ్చానండి. ఎప్పుడూ చూడలేదు గదా, ఓసారి ఆవిణ్ణి చూసి పోదామని మీ లాబ్ వెతుక్కుంటూ వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మను వచ్చీరాని తెలుగులో చెప్పాడు. అన్నీ పోయాయి, బూజు, ఆ తెలుగమ్మాయి చాలా ఏడ్చింది అని."

"మీరు వచ్చారా?"

"వచ్చాను. మీరు కనపడ్డారు కూడా. వేపచెట్టు కింద క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నారు. ఒక్కరే. పక్కన నలుగురు ఆడపిల్లలు అరవంలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మీరు తల ఎత్తలేదు. నేను మా ఇంట్లో ఎలా తింటానో అలాగే తింటున్నారండి."

"పిలవలేదేం?"

"ఏమని పిలవనండీ. అన్నం ముందున్న పిల్లని లేపి ఏడిపించనా. అలాగే వెనక్కొచ్చి లారీ ఎక్కాను."

"అయితే పుష్యంలో నేనొచ్చినప్పుడు మీకు తెలుసు."

"తెలుసండి."

"ఉగాదికి వచ్చినప్పుడూ తెలుసు."

"తెలుసు."

"ఇందాక కూడా. కులాసాయేనా, వేళకి తింటోందా... రైల్లో ఒళ్ళో పెట్టుకోమన్నారు."

"అన్నాను."

"అయ్యగారూ శాలువా. ఇది కాశ్మీరుదటండి. ఎవరికియ్యమంటారు?"

"అమ్మాయిగారికేరా. ఉంచుకోండమ్మా, చలి ఊరు."

"అన్నీ తెలిసుండి, వచ్చిన ప్రతిసారీ ఎందుకడిగారు బాబాయి గారూ?"

"అడక్కపోతే, ఇక్కడ బస్సు దిగడానికి మీకు పనేం ఉంటుందండీ."